నిగమశర్మ అక్క ఇంకెన్నాళ్ళు?

“వదినా, నాలో ఏమన్నా తక్కువుందా? ఉంటే చెప్పు, దిద్దుకుంటా.”

మూడేళ్ళ కిందట ఒక రాత్రి ధర్మవరం నుంచి ఫోన్ చేసి నా మరదలు అడిగిన మాట ఇది. అప్పటికి తమ్ముడితో ఆమె పెళ్ళయి ఆరేళ్ళు. తమ్ముడిది పట్టునూలు కొని మగ్గాలకి ఇచ్చే వ్యాపారం. ఇంట్లోనూ రెండు మగ్గాలున్నాయి. కండెలు చుట్టేదీ, కూలీల లెక్క రాసేదీ, బిడ్డని బడికి తయారుచేసేదీ ఆమే. తేడా మొదట ఆ లెక్కల పుస్తకంలోనే దొరికింది. నూలుకని తీసిన డబ్బు నూలుగా ఇంటికి రాలేదు. బెంగుళూరు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఐదు వేలో, ఎనిమిది వేలో తగ్గుతోంది. రాత్రి రెండు గంటలకి మెలకువొస్తే పక్కన మనిషి లేడు. బాత్రూం తలుపు సందులోంచి ఫోన్ వెలుగు. ఆమెకి ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరమ్మ మందు రాసిచ్చి, ఈసారి మీ ఆయన్ని కూడా తీసుకురమ్మంది. ఆయన వెళ్ళలేదు. ఇన్ఫెక్షన్ రెండోసారి వచ్చింది.

ఇన్ని తెలిసిన మనిషి నన్ను అడిగింది తనలో ఏం తక్కువని. తెలుగు కావ్యాల్లో స్త్రీ పాత్రల మీద డాక్టరేటు తీసుకున్న నేను ఇచ్చిన జవాబు ఇదీ: “నీలో ఏం తక్కువ లేదమ్మా. వాడితో నేను మాట్లాడతాలే. నువ్వు కొంచెం ఓపిక పట్టు.”

ఆ జవాబుకి సిగ్గుపడి ఈ వ్యాసం రాస్తున్నాను. అచ్చుకి పంపేముందు తమ్ముడూ మరదలూ ఇద్దరూ విడివిడిగా చదివారు. తమ్ముడు రెండు వాక్యాలు తీసేయమన్నాడు, తీసేశాను. మరదలు ఒక వాక్యం చేర్చమంది. అది చివర్లో ఉంది.

మా ఇంట్లో ఈ సంగతి కొత్తదేం కాదు. తమ్ముడు అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లోనే రెండుసార్లు ఫీజు డబ్బు లాడ్జీలకి పోయింది. అమ్మకి తెలుసు, నాయనకి తెలుసు, నాకూ తెలుసు. తెలియనిదల్లా పిల్లనిచ్చినవాళ్ళకే. పెండ్లయితే కుదురుకుంటాడన్నారు ఇంట్లో. నేను అడ్డు చెప్పలేదు. పెళ్ళిని మందుగా వాడాం. ఆ మందు ఇరవై రెండేళ్ళ మనిషి అని మాకెవరికీ తట్టలేదు. పెళ్ళితో కుదరకపోతే, ఒక బిడ్డ పుడితే సరిపోతుందన్నారు. బిడ్డ పుట్టింది. ఆ తర్వాత మొక్కులు. కదిరి నరసింహస్వామికి ముడుపు, పెనుకొండ బాబయ్య దర్గాలో తాయెత్తు. మొక్కుల్ని నేను వెక్కిరించను. ఆ రెండుచోట్లా మరదలు కాసేపు ఒంటరిగా కూర్చుని ఏడవగలిగింది, ఇంట్లో ఆ వీలు కూడా లేదు. నేను తప్పుపట్టేది మరొకటి. తిరిగేది అతను, ఉపవాసాలు ఆమెవి, పొర్లుదండాలు ఆమెవి.

ఆఖరికి పెనుకొండలో పెద్దమ్మ ఇంట్లో పంచాయితీ పెట్టారు. “యాడ తిరిగినా రాత్రికి ఇల్లు చేరుతాండాడు గదమ్మా” అని పెదనాయన మరదలికే సర్ది చెప్పాడు. కర్పూరం వెలిగించి తమ్ముడి చేత ప్రమాణం చేయించారు. వాడు ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదని ఇప్పటికీ నా నమ్మకం. ఆ రాత్రి వాణ్ణి మేడ మీద కూర్చోబెట్టి తెల్లారేదాకా మాట్లాడాను. బుజ్జగించాను, తిట్టాను, నాకు తెలిసిన స్త్రీవాదమంతా చెప్పాను. వాడు అన్నీ ఒప్పుకున్నాడు. నెలా పది రోజులు కుదురుగా ఉన్నాడు. ఆ తర్వాత మరదలి బంగారు గాజులు నాలుగూ బ్యాంకులో తాకట్టుకి పోయాయి.

ఆ గాజుల దగ్గరే నాకు నిగమశర్మ అక్క గుర్తొచ్చింది.

తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యంలోని ఈ కథ మన పాఠకులకి తెలియనిది కాదు. సదాచారం గల ఇంట్లో పుట్టినవాడు భార్యనీ, ముసలి తల్లిదండ్రుల్నీ పట్టించుకోకుండా వేశ్యల వెంటపడి ఆస్తి తగలేస్తుంటాడు. అక్క అత్తవారింటి నుంచి వచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని నయాన బుద్ధి చెబుతుంది. తమ్ముడు మారినట్టే కనిపిస్తాడు. ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని పోతాడు. వాటితో పాటు అక్క ముక్కర కూడా పోతుంది. మా అనంతపురం జిల్లావారు, పెనుగొండ మీద పాట కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఈమె మీద ‘నిగమశర్మ అక్క’ అని ఒక వ్యాసమే రాశారు. నేను సాహిత్యం వైపు రావడానికి ఆ వ్యాసం కూడా ఒక కారణం. అందరికీ ముద్దొచ్చే పాత్ర ఆమె. నగలు పోయిన పొద్దున ముక్కర కోసం ఆమె పడే బాధని చదివి నవ్వుకోని పండితుడు ఉండడేమో.

కవి ఆమెకి పేరు పెట్టలేదు. తమ్ముడితో చుట్టరికమే ఆమె పేరు. పరిశోధన చేసే రోజుల్లో ఈ పేరు లేకపోవడం గురించి పేజీలకి పేజీలు రాశాను. ఆమె చేసిన పని ఏమిటన్నది మాత్రం నాకు తట్టలేదు. ఆమె చేసింది చికిత్స. చదువూ శిక్షణా లేకుండా, ప్రేమ ఒక్కటే పెట్టుబడిగా పెట్టి ఇంటి ఆడది చేసే చికిత్స. అది పనిచెయ్యలేదు, ముక్కర పోయింది. అక్కణ్ణుంచి కథ తమ్ముడి వెంటే పోతుంది. ఎన్నో చోట్లు, మరికొందరు స్త్రీలు, చివరికి నరసింహస్వామి సన్నిధిలో చావు, విష్ణుదూతలు, వైకుంఠం. క్షేత్ర మహిమ చాటడానికి అంతకంటే మంచి పాపి దొరకడు మరి! భార్య ఏమైంది? ముక్కర ఎవరు తెచ్చిచ్చారు? ఈ రెండు ప్రశ్నలూ నా థీసిస్‌లో లేవు.

మన అలంకారశాస్త్రం ఇంకొక అడుగు ముందుకేసింది. రాత్రంతా మరొకచోట గడిపి, ఒంటి మీద గుర్తులతో పొద్దున ఇల్లు చేరిన మగవాణ్ణి చూసి కోపగించుకునే స్త్రీకి ఖండిత అని పేరు పెట్టి, ఎనిమిది రకాల నాయికల్లో ఒకతెగా కూర్చోబెట్టింది. ఆమె కోపం కూడా శృంగారానికి ఒక రుచే. నలుగురు స్త్రీల్ని సమంగా మెప్పించగలవాడు దక్షిణ నాయకుడు. పెనుకొండ పంచాయితీలో మా పెదనాయన ఏ శాస్త్రమూ చదవకుండానే ఈ శాస్త్రమే మాట్లాడాడు. మన మాటలు చూడండి. రసికుడు, విటుడు, స్త్రీలోలుడు, తిరుగుబోతు. కొన్ని ముద్దుమాటలు, కొన్ని తిట్లు. మానుకోవాలనుకుని మానుకోలేనివాడు, తనకే సుఖం లేకపోయినా మళ్ళీ అక్కడికే పోయేవాడు అనే అర్థం వీటిలో ఒక్కదానికీ లేదు. మాట లేనిచోట మనిషి వైద్యుడి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పుకుంటాడు?

చెప్పుకోలేక తమ్ముడు హిందూపురం బస్టాండుకి పోయాడు. ఆ గోడలు మనకి తెలుసు. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, హస్తప్రయోగం వల్ల కలిగిన నష్టం, గ్యారంటీ చికిత్స, ఫలానా లాడ్జిలో ప్రతి ఆదివారం. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. డెబ్భై ఏళ్ళుగా ఆ నేరం గోడల మీద పబ్లిగ్గా జరుగుతోంది. అక్కడ కూర్చున్నాయన తమ్ముడు చెప్పింది మొత్తం వినకుండానే, కుర్రతనంలో చేసిన పొరపాట్ల వల్ల నరాలు దెబ్బతిన్నాయని చెప్పి పద్దెనిమిది వేలకి లేహ్యం, గుళికలు అంటగట్టాడు. పిచ్చి ఏమిటంటే, అవి శక్తి పెరగడానికి! ఆ గోడల ప్రపంచంలో మగవాడికి ఉండగల జబ్బు ఒక్కటే, తక్కువ కావడం. అదుపు తప్పడమనే జబ్బు అక్కడ ఊహకి కూడా అందదు. 1991లో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చినప్పుడు తెలుగు స్త్రీలు తమ శరీరాల గురించి తామే మాట్లాడుకునే భాష ఒకటి పుట్టింది. మగవాళ్ళ లైంగికత గురించి మాట్లాడే పనిని మాత్రం మనం బస్టాండు గోడలకే వదిలేశాం.

ఇక్కడే నా అసలు పేచీ. అది మనతోనే.

తమ్ముణ్ణి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నానని ఒక సదస్సు మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబితే, నేను గౌరవించే ఒక మిత్రురాలు ప్లేటు కింద పెట్టేసింది. “పితృస్వామ్యానికి కూడా ఇప్పుడు ప్రిస్క్రిప్షన్ రాయిస్తావా?” అంది. నాకు కోపం రాలేదు. ఎందుకంటే పదేళ్ళ కిందట నేను కూడా ఒక వ్యాసంలో ఇదే మాట రాశాను. దానిలో నిజం ఉంది. మగవాడి ప్రవర్తనకి రోగం అని పేరు పెట్టగానే అతను బాధితుడైపోతాడు, భార్య నర్సు అవుతుంది. పట్టుబడిన పెద్దమనుషులు, నటులు, క్రీడాకారులు నాకు సెక్స్ అడిక్షన్ అని చెప్పి నెలరోజులు ఎక్కడో గడిపి శుభ్రంగా తిరిగి రావడం ప్రపంచమంతా చూసింది. ఈ అడిక్షన్ అనే మాటని జనంలోకి తెచ్చింది 1983లో అమెరికాలో పాట్రిక్ కార్న్స్ రాసిన పుస్తకం. అప్పటినుంచి అది చికిత్సకి ఎంత ఉపయోగపడిందో సాకులకి కూడా అంతే ఉపయోగపడింది.

అయితే వైద్యం దగ్గర నిజంగా ఏముందో మనం చదివామా? నేను చదవలేదు. చదవకుండానే వ్యతిరేకించాను. చదివితే తెలిసింది, వాళ్ళు కూడా ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారని. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5లో ఇలాంటి రోగనిర్ణయాన్ని చేర్చాలన్న ప్రతిపాదన వస్తే ఒప్పుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ పేరుతో చేర్చింది. దాన్ని వ్యసనాల కింద పెట్టలేదు, ఆవేశాన్ని అదుపు చేసుకోలేని రుగ్మతల కింద పెట్టింది. ఆ నిర్వచనం చూస్తే ఆశ్చర్యమేసింది. కోరిక ఎక్కువుంటే రోగమని అది ఎక్కడా అనలేదు. ఎంతమందితో అన్న లెక్కా లేదు. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం ఆ ప్రవర్తన జీవితానికి కేంద్రమైపోయి ఆరోగ్యం, పని, బాధ్యతలు గాలికి పోవడం, మానుకోవాలని చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోవడం, నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా, తృప్తి లేకపోయినా కొనసాగించడం, దానివల్ల తీవ్రమైన బాధో, బతుకులో పెద్ద చిక్కో కలగడం. చూడవలసినవి ఇవీ. పైగా ఒక హెచ్చరిక. బాధంతా కేవలం ఇది పాపం, ఇది తప్పు అనే నైతిక తీర్పు వల్లే అయితే ఆ రోగనిర్ణయం చెయ్యకూడదు.

ఈ హెచ్చరిక విలువ మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? కోరిక ఉన్న ఆడదాన్ని నింఫోమేనియాక్ అని ముద్రవేసి చికిత్సల పేరుతో హింసించిన చరిత్ర వైద్యానిదే. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని పట్టుకుంది. ఎవరి కోరిక రసమో, ఎవరి కోరిక రోగమో తీర్పు చెప్పే అధికారం ఎవరి చేతుల్లో ఉంటుందో మనం చూశాం. ఆడవాళ్ళలోనూ ఈ రుగ్మత ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళు బయటికి చెప్పుకుంటే దొరికేది చికిత్స కాదు, పేరు. అందుకే ఆ నిర్వచనాన్ని డాక్టర్లకీ మొగుళ్ళకీ వదిలెయ్యకుండా మనం చదివి పట్టుకోవాలంటున్నాను. స్వలింగ ప్రేమని, హస్తప్రయోగాన్ని, పెళ్ళికి బయటి సంబంధాన్ని చూపించి ఇదే రోగం అనేవాడికి ఆ పేజీలోనే జవాబుంది. బలవంతం చేసి, వేధించి, తర్వాత నాకు రుగ్మత అనేవాడికి కూడా జవాబుంది. అవతలి మనిషి ఇష్టం లేకుండా చేసింది నేరం. రోగనిర్ణయం ఆ నేరాన్ని మాఫీ చెయ్యదు.

నా మిత్రురాలికి ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాను. క్లినిక్ వద్దు అని మనం అన్నప్పుడు చికిత్స ఆగిపోదు. అది ఇంటికి మారుతుంది. భార్య వైద్యురాలవుతుంది, అక్క కౌన్సెలర్ అవుతుంది, అమ్మ కాపలా కాస్తుంది, పసిబిడ్డ మందు అవుతుంది. ఫీజు గాజుల్లో కడతాం. పితృస్వామ్యాన్ని ఆసుపత్రిలో పెట్టకూడదన్న మన సిద్ధాంతం వల్ల ధర్మవరంలో ఒక ఆడమనిషి ఆరేళ్ళు ఆసుపత్రిగా బతికింది. రోగం అనడం అతనికి సాకు ఇవ్వడమని మనం భయపడ్డాం. నిజానికి మగాడన్నాక అనేదాన్ని మించిన సాకు ఏముంది? అది ఎప్పుడో ఇచ్చేశాం. చికిత్స అనే మాట వచ్చాకే తమ్ముడికి మొదటిసారి చెయ్యవలసిన పని అంటూ ఒకటి ఏర్పడింది. అపాయింట్‌మెంటు వాడిది, రైలు వాడిది, ఏ గంటకి ఏం జరిగిందో రాయవలసిన డైరీ వాడిది.

రెండేళ్ళుగా బెంగుళూరులో ఒక పెద్దాసుపత్రికి వెళ్తున్నాడు. ధర్మవరంలో ఎక్కితే పెనుకొండ, హిందూపురం మీదుగా మూడు నాలుగు గంటలు. వాడు చెప్పగా విన్నది, వాడు ఒప్పుకున్నంతవరకు రాస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి అక్కడ ఏం చేస్తారో తెలియదు. మొదటి రోజు గంటన్నర ప్రశ్నలే. నిద్ర ఎలా ఉంది, తాగుతావా, నెలల మధ్యలో విపరీతమైన హుషారు వచ్చి నిద్ర లేకుండా డబ్బు తగలేసిన రోజులున్నాయా, ఏమైనా మందులు వాడుతున్నావా. ఇవి ఊరికే అడిగినవి కావు. బైపోలార్ జబ్బులో వచ్చే మేనియాలో లైంగిక ప్రవర్తన కూడా పెరుగుతుంది, దానికి వైద్యం వేరు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా ఇలా జరుగుతుంది. అరిపిప్రజోల్ అనే మానసిక వ్యాధి మందుతో అరుదుగా ఇలాంటి అదుపులేని కోరికలు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. తమ్ముడికి అవేవీ లేవు. ఏళ్ళ తరబడి ఉన్న డిప్రెషన్ బయటపడింది. దానికొక మాత్ర. ఆ జాతి మాత్రలు ఈ ఉద్రేకాన్ని కూడా కొంతమందిలో తగ్గిస్తాయట, కానీ దీనికోసమే ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదని డాక్టరు ముందే చెప్పాడు. అసలు పని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 2019లో స్వీడన్‌లో 137 మంది మగవాళ్ళతో చేసిన అధ్యయనంలో బృందంగా ఇచ్చిన ఈ థెరపీ వల్ల లక్షణాలు తగ్గాయి.

డైరీ రాస్తే వాడికి ఒకటి తెలిసింది. శనివారం కూలీల బట్వాడా. లెక్క తగ్గిందని తెలిసిన గంట నుంచి గుండెలో దడ, ఆ దడ నుంచే ఫోను, ఫోను నుంచి బెంగుళూరు బండి. “కోరికతో పోయేవాణ్ణి కాదక్కా, భయంతో పోయేవాణ్ణి” అన్నాడు. ఆ మాట విని జాలి పడ్డాను. వెంటనే ఆ జాలిని మరదలికి మోసుకుపోకూడదని నన్ను నేను ఆపుకోవలసి వచ్చింది. అక్కల రోగం అది.

క్లినిక్‌ని కూడా ఊరికే వదిలెయ్యను. మూడోసారి వెళ్ళినప్పుడు అక్కడి కౌన్సెలర్ మరదల్ని పిలిపించి చాలా మంచిగా చెప్పిందట. భార్య సహకరిస్తే త్వరగా నయమవుతుంది, ఆయన ఫోను, పాస్‌వర్డు మీ దగ్గర పెట్టుకోండి, గమనిస్తూ ఉండండి, దూరం పెట్టకండి. అంటే ఏమిటి? పగలు జైలరు, రాత్రి మందు! ఇందుకా ఇంత దూరం వచ్చింది? మరదలు ఏమీ అనకుండా లేచి వచ్చేసింది. ఆ తర్వాతిసారి తమ్ముడే డాక్టరుతో మాట్లాడి ఆ పని పట్టుగూళ్ళ మార్కెట్లో తన స్నేహితుడికి అప్పజెప్పాడు. భార్య శరీరం చికిత్సలో భాగం కాదు, ఆమె క్షమ ప్రిస్క్రిప్షన్‌లో రాసే వస్తువు కాదు. భార్య మీద బలవంతాన్ని అత్యాచారంగా చూడని మినహాయింపు 2024 జూలైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా అలాగే ఉంది. అలాంటి దేశంలో దూరం పెట్టకండి అని వైద్యం పేరుతో చెప్పడం ఎంత ప్రమాదమో ఆ కౌన్సెలర్‌కి ఎవరూ నేర్పలేదు. 2006 నాటి గృహహింస నిబంధనలు చాలా నయం. కోర్టు పంపే కౌన్సెలింగ్‌లో హింసకి ఎలాంటి సమర్థనకీ చోటు లేదని మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలని అందులో ఉంది. ఆసుపత్రి కౌన్సెలింగ్‌కి అలాంటి వాక్యం ఒకటి ఎందుకుండకూడదు?

మరి ఆమెకి ఏం కావాలి? ముందు రక్తపరీక్షలు. హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మొదటి పరీక్షకి అందని కాలం ఉంటుంది కాబట్టి గడువు దాటాక రెండోసారి చేయించుకోవాలి. నేను డాక్టరేటు తీసుకున్నదాన్ని, ఈ మాట ఆమెకి ఆరేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. ఓపిక గురించి మాత్రం చెప్పాను. రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చినరోజు ఆమె ధర్మవరం స్టేషన్ బెంచీ మీద గంటసేపు లేవలేకపోయింది. తర్వాత ఆమెకి తనదైన కౌన్సెలర్, తమ్ముడి డాక్టరుతో సంబంధం లేని మనిషి. ఆ తర్వాత డబ్బు. ఒక మగ్గం ఆమె పేరున, బ్యాంకు ఖాతా ఆమె పేరున. ఇద్దరూ కలిసి కూర్చునే దంపతుల థెరపీ వీటన్నిటి తర్వాత, అదీ ఆమె అడిగితేనే. చాలాచోట్ల దాంతోనే మొదలుపెడతారు. ఎందుకంటే మన దేశంలో రోగి మనిషి కాదు, కాపురం.

అందరూ బెంగుళూరు పోలేరు. నిమ్హాన్స్ నాయకత్వంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రం లేదు కూడా. జిల్లా స్థాయిలో మానసిక వైద్యం ఎలా నడపవచ్చో 1985లోనే మన పక్కన బళ్ళారిలో చేసి చూపించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సని హక్కు అంది, రహస్యం కాపాడటాన్ని హక్కు అంది, సమాజపు నీతికి ఒదగకపోవడం ఒక్కటే జబ్బు కాదని కూడా అంది. 2022 అక్టోబరు నుంచి టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. భర్త మాత్రమే కాదు, భార్య కూడా తన కోసం చెయ్యవచ్చు. కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు కేంద్రం హిందూపురమా పుట్టపర్తా అని ఎంత గొడవ చేశాం! ఆ జిల్లాలో మగవాడు సిగ్గుపడకుండా వెళ్ళి కూర్చోగల ఒక గది ఎక్కడుండాలని ఎవరైనా అడిగామా? ధర్మవరం పక్కన బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఏళ్ళ తరబడి హెచ్.ఐ.వి. వైద్యం చేసింది. లైంగికత గురించి తల దించుకోకుండా రోగితో మాట్లాడటం ఈ నేల మీద సాధ్యమే.

తమ్ముడు రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తనే ముందు డాక్టరుకి చెప్పాడు, నాకు చెప్పలేదు. అది మంచిదే. ఇప్పుడు వాడు ఒక గదిలో, మరదలు బిడ్డతో రెండు వీధుల అవతల వేరే ఇంట్లో ఉంటున్నారు. అమ్మ హిందూపురం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా “మందులేసుకుంటాండాడు గదా, ఇంగ కాపురానికి పోవచ్చు గదా” అంటుంది. మందు వేసుకుంటే భార్య తిరిగి రావాలని ఏ డాక్టరు రాశాడమ్మా అని నేనంటే కోపంతో ఫోన్ పెట్టేస్తుంది. నేను మేడ మీద తెల్లవార్లూ బుద్ధి చెప్పడం మానేశాను.

మరదలు చేర్చమన్న వాక్యం ఇది: “నేను ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదని రాయి వదినా, మంచిదాన్నని రాయొద్దు.”

గాజులు నాలుగింటిలో రెండు విడిపించాడు. మిగతా రెంటికీ నెలనెలా వడ్డీ కట్టి రసీదు తెచ్చిస్తాడు. ఆమె దాన్ని లెక్కల పుస్తకంలో, వాడి పేరు కింద అప్పు పద్దులో రాసుకుంటుంది. పద్దెనిమిది వేల లేహ్యం కూడా ఆ పద్దులోనే ఉంది.